మోతె నుంచి ‘నిజాం’ ఓడ దాకా

కాన్వాయ్ అంటే మనకు తెలిసింది ఒక్కటే. ముందు సైరన్ మోగించుకుంటూ పోలీసు జీపు, వెనక నల్లద్దాల కార్లు, ఆ మధ్యలో ఎక్కడో మంత్రిగారు. నిరుడు ఓ పొద్దున మోతెలో సూర్యాపేట-ఖమ్మం రోడ్డు పక్కన టీ తాగుతుంటే అలాంటిదే ఒకటి దూసుకుపోయింది. లారీలు, ఆటోలు, గడ్డి వేసుకొచ్చిన ట్రాక్టరు అన్నీ పక్కకు ఒదిగి నిలబడ్డాయి. దుమ్ము సర్దుకున్నాక మా చిన్నోడు అడిగాడు: “నాన్నా, పోయేది ఆయనొక్కడే కదా, ఇన్ని బండ్లెందుకు?”

“కాన్వాయ్‌లో అసలు సంగతి అది కాదురా. పోయేవాళ్లు చాలామంది, కాపలా కాసేవాళ్లు కొద్దిమంది. ఇది సముద్రం మీది మాట” అన్నాను. టీ దుకాణంలో ఉన్నవాళ్లు నావైపు వింతగా చూశారు. చూడరు మరి! మోతె నుంచి సముద్రం చూడాలంటే కోదాడ, విజయవాడ దాటి మచిలీపట్నం దాకా పోవాలి. దాదాపు రెండు వందల కిలోమీటర్లు. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే ఖమ్మం రోడ్డు మీద నాయకన్‌గూడెం దగ్గర కనిపించే పాలేరు జలాశయమే. పెళ్లిళ్లకు పోయొచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి దాన్ని చూసి, “అబ్బ, సముద్రం లెక్క ఉంది” అనుకున్న తరం మాది.

అలాంటి ఊరికీ, రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల కాన్వాయ్‌లకూ ఒక చుట్టరికం ఉంది. దూరపు చుట్టరికమే, కాదనను. ఆ రోజుల్లో మోతె హైదరాబాద్ సంస్థానంలో, నల్లగొండ జిల్లాలో ఉండేది. సంస్థానానికి ఒక్క అడుగు సముద్ర తీరం కూడా లేదు. అయినా ఆ సంస్థానాధీశుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గౌరవార్థం ఒక యుద్ధనౌకకు ‘నిజాం’ అని పేరు పెట్టారు. అది వర్తక ఓడలకు కాపలాగా మధ్యధరా సముద్రంలోనూ, హిందూ మహాసముద్రంలోనూ తిరిగింది.

ఇంటికొచ్చి ఈ మాట మా అమ్మకు చెప్పాను. ఆమెకు ఎనభై దాటాయి. పప్పులో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే అంది: “మనకాడ చెరువే నిండదాయె. నిజామోనికి ఓడెక్కడిదిరా?”

ఆ ప్రశ్న పట్టుకునే మేం ముగ్గురం, నేనూ మా ఆవిడా చిన్నోడూ, ఆ డిసెంబరులో విశాఖపట్నం బయల్దేరాం.

పెద్దగట్టు బండ్లు

సూర్యాపేటలో బస్సు మారి విజయవాడ రోడ్డెక్కగానే దురాజ్‌పల్లి వస్తుంది. రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరిగేది ఇక్కడే. చిన్నోడికి కాన్వాయ్ సంగతి చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

వెనకటికి జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని ఊళ్లకు ఊళ్లు కదిలేవి. రాత్రి ప్రయాణం, దొంగల భయం. అందుకని ఏ బండీ ఒంటరిగా పోయేది కాదు. పది పదిహేను బండ్లు జట్టుగా కదిలేవి. వాటికి ముందొకడు, వెనకొకడు కర్ర పట్టుకుని నడిచేవాళ్లు. నడక వేగం ఎంత? అన్నింటికంటే ముసలి ఎడ్లు ఎంత నడిస్తే అంత. గట్టి ఎడ్లున్నవాడు విసుక్కున్నా తప్పదు.

ఓడల బిడారూ అంతే. ముప్పై నలభై వర్తక ఓడలు ఒక్కచోట కూడేవి. ఒకదానిలో గోధుమలు, ఒకదానిలో పెట్రోలు, ఒకదానిలో మందుగుండు. అన్నింటికంటే నెమ్మదైన ఓడ వేగమే మొత్తం జట్టు వేగం. అయితే అవి బండ్లలాగా ఒకే వరుసన పోవు. పక్కపక్కనే చాలా వరుసలుగా, వరుసకూ వరుసకూ అర మైలు ఎడంతో, పొడవు కంటే వెడల్పు ఎక్కువగా ఉండేలా పోతాయి. జలాంతర్గామి సాధారణంగా పక్కనుంచి కొడుతుంది కాబట్టి ఆ పక్క ఎంత తక్కువగా ఉంటే అంత మేలన్నమాట. పెట్రోలు, మందుగుండు ఓడలకు వీలైనంతవరకు లోపలి వరుసల్లో చోటు. జట్టు పెద్దగా ఒక కమొడోర్ ఉండేవాడు. చాలాసార్లు ఆయన రిటైరైన నౌకాదళాధికారే. ఇంట్లో మనవలను ఆడించుకోవలసిన వయసులో వర్తక ఓడెక్కి జెండాలతో ఆజ్ఞలిచ్చేవాడు.

చుట్టూ కాపలా నౌకలు. అవి నీళ్లలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి కింద జలాంతర్గామి ఉందో లేదో పసిగట్టేవి. ఉందనిపిస్తే డ్రమ్ముల్లాంటి బాంబులు నీళ్లలోకి దొర్లించేవి. రాత్రి దీపం వెలగకూడదు. పొగ ఎక్కువ రాకూడదు. వంటింటి చెత్తను కూడా వెలుగుండగా నీళ్లలో వేయనిచ్చేవాళ్లు కాదు, తేలే తొక్కలను పట్టుకుని శత్రువు జాడ తీస్తాడని.

అన్నింటికంటే కఠినమైన నియమం ఒకటుంది. పక్క ఓడకు దెబ్బ తగిలి మనుషులు నీళ్లలో పడి కేకలు వేస్తున్నా మిగతా ఓడలు ఆగకూడదు. ఆగితే అదీ మునుగుతుంది. రక్షించే పని వెనక వచ్చే ఓడకో, కాపలా నౌకకో వదిలేసి సాగిపోవాలి. “మరి వాళ్ల దోస్తులుంటే?” అన్నాడు చిన్నోడు. నేను జవాబు చెప్పేలోపు బస్సు మునగాల దాటింది.

మునగాల అంటే ఒక మాట చెప్పాలి. నిజాం రోజుల్లో మునగాల పరగణా ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలో భాగం. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ ఇంగ్లీషు ఇలాకా. సముద్రం లేని మా ప్రాంతంలో ద్వీపం అనదగ్గది ఏదైనా ఉందంటే అదొక్కటే.

కాపలా లేని రోజు

విశాఖలో బీచ్ రోడ్డు మీద విశాఖ మ్యూజియం ఉంది. పాత డచ్చి బంగళాలో 1991లో మొదలుపెట్టారు. బొబ్బిలి కత్తులు, పాత ఫొటోలు, జమీందారుల సామాన్లు చూసుకుంటూ పోతుంటే ఒకచోట చిన్నోడు ఆగిపోయాడు. అక్కడున్నది పేలని బాంబు. బరువు 250 పౌన్లు, అంటే మన లెక్కలో వడ్ల బస్తా కంటే ఎక్కువే. జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసినది.

ఆ రోజు 1942 ఏప్రిల్ 6, సోమవారం. విశాఖపట్నం, కాకినాడ రెండింటి మీదా బాంబులు పడ్డాయి. వాటిని వేసిన విమానాలు ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి వచ్చాయి. విశాఖ జనం మూటా ముల్లె సర్దుకుని ఊరు ఖాళీ చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. ఈ సంగతులు విశాఖవాళ్లకు కథలుగా తెలుసు. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఊరి మీద పడ్డ బాంబులు కొన్నే. ఆ రోజు అసలు విధ్వంసం జరిగింది సముద్రంలో. అది ఒడ్డునున్నవాళ్లకు కనపడలేదు కాబట్టి కథల్లోకి అంతగా ఎక్కలేదు.

ఏం జరిగిందంటే, మార్చి 8న రంగూన్ జపాన్ చేతిలో పడింది. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి కూలికీ నాలికీ వెళ్లి రంగూన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు వేలల్లో ఉండేవారు. దొరికిన ఓడెక్కి కొందరు వచ్చారు. దొరకనివాళ్లు కొండలూ అడవులూ పట్టి నడిచారు. దారిలో ఎందరో పోయారు. కలకత్తా రేవు ఓడలతో కిక్కిరిసింది. ఒక్కచోట అన్ని ఓడలుంటే విమాన దాడికి అన్నీ పోతాయని అధికారులు భయపడ్డారు. కొన్ని కొన్నిగా, తీరం వెంబడే దక్షిణానికి పొమ్మని పంపించేశారు.

వాటికి తోడు పోవడానికి యుద్ధనౌకలు లేవు. బ్రిటిష్ తూర్పు నౌకాదళం సింహళానికి నైరుతిగా, మాల్దీవుల వైపు ఉంది. ఏప్రిల్ 5న ఈస్టర్ ఆదివారం పూట జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. అదే రోజు ‘డోర్సెట్‌షైర్’, ‘కార్న్‌వాల్’ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచేశాయి. తన నౌకలకే దిక్కులేనప్పుడు వర్తక ఓడల వెంట ఎవరిని పంపుతారు?

బంగాళాఖాతంలోకి వైస్ అడ్మిరల్ ఒజావా తన క్రూయిజర్లు, డెస్ట్రాయర్లు, ‘ర్యూజో’తో వచ్చాడు. దళాన్ని మూడుగా విడదీశాడు. ఒకటి ఒడిశా తీరం వైపు, రెండు మన తీరానికి ఎదురుగా. తర్వాత జరిగింది యుద్ధం కాదు. కాపలా లేని బండ్ల మీద దొంగలు పడ్డట్టే. ఒక్క ఉత్తర దళమే ‘మాల్దా’, ‘ఆటోలికస్’, ‘ఇందోరా’ వంటి ఆరు ఓడల జట్టును పట్టుకుని ఆరింటినీ ముంచింది. మూడు నాలుగు రోజుల్లో మొత్తం ఇరవైకి పైగా వర్తక ఓడలు అడుగుకు చేరాయి. బరువు లక్ష టన్నుల పైచిలుకు.

వాటిలో రెండింటి కథ నన్ను పట్టుకుంది. ‘డార్డనస్’ అనే ఓడకు విమానాల దెబ్బ తగిలి కదల్లేని స్థితికి వచ్చింది. పక్కన పోతున్న ‘గాందారా’ దాన్ని తాడు కట్టి లాక్కుపోసాగింది. బిడారు నియమం ప్రకారం అది తప్పు, తన దారిన తాను పోవాలి. కానీ ఇక్కడ బిడారు లేదు, వెనక వచ్చే రక్షక నౌకా లేదు. ఉన్నది తనొక్కతే. ఒక దానికి మరొకటి కట్టుకుని మెల్లగా పోతుండగా దక్షిణ దళం క్రూయిజర్లు వచ్చి రెండింటినీ కలిపే ముంచాయి.

చిన్నోడు బస్సులో అడిగిన ప్రశ్నకు అక్కడ, ఆ బాంబు పక్కన, జవాబు చెప్పాను. వాడేమీ అనలేదు. బాంబు చుట్టూ ఇంకోసారి తిరిగొచ్చాడు.

సాయంత్రం రేవు వైపు వెళ్లాం. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి ఓడలు లోపలికి వస్తుంటే చూడడం ఈ ఊళ్లో పైసా ఖర్చులేని వినోదం. 1933లో ఈ రేవు తెరిచారు. మొదట వచ్చిన ఓడ సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’. అలల దెబ్బ నుంచి రేవు ముఖద్వారాన్ని కాపాడడానికి అప్పట్లో రెండు ముసలి ఓడల నిండా రాళ్లు నింపి అక్కడే ముంచేశారట. అవీ ఒకరకంగా కాపలా ఓడలే. అందరికంటే ఎక్కువ కాలం డ్యూటీ చేసినవి అవేనేమో!

బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి కూడా వెళ్లాం. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఇసుకలో ప్రదర్శనగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల మనిషి పక్కకు తిరిగితే తప్ప ఇంకో మనిషి పోలేడు. కాపలావాళ్ల వైపు నుంచి విన్న కథను వేటగాడి వైపు నుంచి చూసినట్టయింది. మా ఆవిడ మాత్రం వంటగదిని చూసి, “ఇంత జాగాలో అంతమందికి ఎట్ల వండిండ్రో” అని అక్కడే నిలబడింది. వెనకవాళ్లు తోసే దాకా కదల్లేదు.

మాల్టా దారిలో

ఇక అమ్మ అడిగిన ఓడ సంగతికొద్దాం.

‘నిజాం’ డెస్ట్రాయర్ తరగతి నౌక. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ కట్టింది. 1940 జులై 4న నీళ్లలోకి దించారు. 1941 జనవరిలో పనిలోకి దిగింది. పొడవు 109 మీటర్లు, వేగం 36 నాట్లు, అంటే గంటకు 65 కిలోమీటర్ల పైమాటే. 4.7 అంగుళాల ఫిరంగులు ఆరు. నౌక బ్రిటిష్‌వారిది, పేరు హైదరాబాద్‌ది, సిబ్బంది ఆస్ట్రేలియా నౌకాదళంవాళ్లు. సిడ్నీ, మెల్‌బోర్న్ కుర్రాళ్లు టోపీ మీద ‘నిజాం’ అన్న పేరు పెట్టుకుని తిరిగారన్నమాట. ఆ పేరు ఎవరిదో, ఆ రాజ్యం ఎక్కడుందో వాళ్లలో ఎందరికి తెలుసో!

అదొక్కటే కాదు. బ్రిటిష్ వైమానిక దళంలో ‘హైదరాబాద్’ పేరుతో స్క్వాడ్రన్లు కూడా ఉండేవి. వాటిలో 152వ స్క్వాడ్రన్ చిహ్నం నిజాం తలపాగా. కింద రాసుకున్న మాటకు అర్థం ‘నమ్మకమైన మిత్రుడు’. యుద్ధానికి హైదరాబాద్ సంస్థానం ఇచ్చిన సొమ్ముకు ఇంగ్లీషువాళ్లు ఈ విధంగా పేర్లు పెట్టి గౌరవించారు.

1941 మేలో గ్రీసు దక్షిణాన క్రీట్ ద్వీపం జర్మన్ల చేతికి చిక్కుతుంటే సైనికులను ఎక్కించుకొచ్చిన నౌకల్లో ‘నిజాం’ ఒకటి. తర్వాత ముట్టడిలో ఉన్న టోబ్రూక్ రేవుకు రాత్రిపూట సరుకులు, సైనికులను చేరవేసింది. దాని జీవితంలో పెద్ద బిడారు మాత్రం 1942 జూన్‌ది. విశాఖ ఎదుట ఆ ఓడలు దిక్కులేకుండా మునిగిన రెండు నెలలకు.

ఇటలీ కింద మాల్టా అని చిన్న ద్వీపం. అది ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది. చుట్టూ శత్రువులు, రోజూ బాంబులు. తిండి నిండుకుంటోంది. ఎలాగైనా ఓడలు చేరాలి. అందుకని పడమట జిబ్రాల్టర్ నుంచి ఒక బిడారు, తూర్పున ఈజిప్టు, పాలస్తీనా రేవుల నుంచి ఒక బిడారు ఒకేసారి బయల్దేరదీశారు. శత్రువు ఎటు చూడాలో తెలియక తికమకపడతాడని లెక్క. తూర్పు బిడారులో 11 వర్తక ఓడలు. ఈ పదకొండింటికి కాపలా ఎంతనుకున్నారు? 8 క్రూయిజర్లు, 26 డెస్ట్రాయర్లు, ఇంకా చిన్నా చితకా. హిందూ మహాసముద్రం నుంచి ప్రత్యేకంగా రప్పించిన వాటిలో ‘నిజాం’, దాని తోడబుట్టినవి ‘నేపియర్’, ‘నెస్టర్’, ‘నార్మన్’ ఉన్నాయి.

ఇంకో తమాషా ఉంది. వాళ్ల దగ్గర భారీ యుద్ధనౌక లేదు. అందుకని ‘సెంచూరియన్’ అనే పాతకాలపు ఓడకు చెక్క ఫిరంగులు బిగించి, పెద్ద యుద్ధనౌకలా రంగులేసి మధ్యలో నిలబెట్టారు. చేలో పిట్టల కోసం బెదురుబొమ్మ పెట్టినట్టే! శత్రు విమానాలు దాని మీద కూడా బాంబులు వేశాయంటే బొమ్మ తన పని కొంతవరకు చేసినట్టే లెక్క.

ప్రయాణం మొదట్లోనే ‘సిటీ ఆఫ్ కలకత్తా’ అనే ఓడకు దెబ్బ తగిలితే టోబ్రూక్‌కు పంపేశారు. జూన్ 14న ‘భూటాన్’ అనే ఓడ బాంబులకు మునిగింది. వెనకబడి టోబ్రూక్ వైపు మళ్లిన ‘ఆగ్టెకెర్క్’ కూడా మునిగింది. ఆ రాత్రి ఇటలీ నుంచి రెండు భారీ యుద్ధనౌకలతో పెద్ద దళం బయల్దేరిందని కబురొచ్చింది. చెక్క ఫిరంగులు వాటి ముందు పనికిరావు. వెనక్కి తిరగమన్నారు. కొన్ని గంటలకు మళ్లీ ముందుకు పొమ్మన్నారు. మళ్లీ వెనక్కి అన్నారు. రాత్రంతా, మర్నాడంతా ఆ ఓడలు బాంబుల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. చివరకు ఫిరంగుల్లో గుండ్లు అయిపోవచ్చాయి. జూన్ 15 సాయంత్రానికి అందరూ అలెగ్జాండ్రియాకు తిరుగుముఖం పట్టారు.

మాల్టాకు తూర్పు నుంచి ఒక్క ఓడ కూడా చేరలేదు. పడమటి బిడారులోని ఆరింటిలో రెండు మాత్రం చేరాయి. కాపలా నౌకల్లో ‘హెర్మియోన్’ అనే క్రూయిజర్, ‘హేస్టీ’, ‘ఎయిర్‌డేల్’, ‘నెస్టర్’ అనే డెస్ట్రాయర్లు పోయాయి. ‘నెస్టర్’ను ‘జావెలిన్’ అనే నౌక తాడు కట్టి కొంతదూరం లాగింది. లాభం లేదని తేలాక సిబ్బందిని దించి తామే ముంచేశారు. ‘నిజాం’ మాత్రం తిరిగొచ్చింది.

ఇలాంటి ఓటములను యుద్ధ సినిమాల్లో చూపించరు. నాకైతే కాపలా పని అసలు స్వరూపం ఇందులోనే కనిపిస్తుంది. పదకొండు ఓడల కోసం ముప్పై నాలుగు పెద్ద నౌకలు. అంత చేసీ ఉత్త చేతులు. అటు ఏప్రిల్‌లో బంగాళాఖాతంలో ఇరవై ఓడలకు ఒక్కటంటే ఒక్క నౌక లేదు. ఎక్కడ ఎవరి ప్రాణం ఎంత ఖరీదో లెక్కవేసే వాళ్లు వేరే ఎక్కడో కూర్చుని ఉంటారు. లెక్క తప్పితే మునిగేది వాళ్లు కాదు.

ఒకటికి ఒకటి

అన్నీ అలాగే జరగలేదు. అదే ఏడాది నవంబర్ 11న హిందూ మహాసముద్రంలో, కోకోస్ దీవులకు నైరుతిన, ప్రపంచంలోకెల్లా చిన్న బిడారు ఒకటి పోతోంది. వర్తక ఓడ ఒకటి, కాపలా నౌక ఒకటి, అంతే. వర్తక ఓడ ‘ఓండీనా’ అనే డచ్చి ఆయిల్ ట్యాంకర్. కాపలాది మన భారత నౌకాదళానికి కొత్తగా కట్టిన చిన్న నౌక ‘బెంగాల్’. సిడ్నీలో తయారై ఇంటికొస్తోంది. దానికున్నది ఒక్క 12 పౌన్ల ఫిరంగి.

ఎదురుగా రెండు జపాన్ నౌకలు వచ్చాయి, ‘హొకొకు మారు’, ‘ఐకొకు మారు’. ఒక్కొక్కటి పది వేల టన్నుల పైన, ఐదున్నర అంగుళాల ఫిరంగులతో. ‘బెంగాల్’ అధికారి విల్సన్ ట్యాంకర్‌ను తప్పించుకు పొమ్మని చెప్పి, తన నౌకను నేరుగా శత్రువు వైపు తిప్పాడు. ట్యాంకర్ కూడా పారిపోకుండా తనకున్న ఒక్క ఫిరంగితో కాల్చడం మొదలుపెట్టింది. ఏదో ఒక గుండు ‘హొకొకు మారు’కు తగలరాని చోట తగిలింది. నిప్పంటుకుని పేలి మునిగిపోయింది. ఆ గుండు మాదంటే మాదని ఇద్దరూ చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వండి, తప్పేముంది?

తర్వాత ట్యాంకర్ కెప్టెన్ హోర్స్‌మన్ చనిపోయాడు. సిబ్బంది పడవల్లోకి దిగితే వాళ్ల మీదా మరతుపాకులతో కాల్చారు. శత్రువు వెళ్లిపోయాక బతికినవాళ్లు, టార్పెడో దెబ్బలు తిని కూడా మునగకుండా తేలుతున్న తమ ఓడను మళ్లీ ఎక్కి, మంటలార్పి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ చేర్చారు. ‘బెంగాల్’ కూడా క్షేమంగా తిరిగొచ్చి, స్వాతంత్ర్యం తర్వాత కూడా మన నౌకాదళంలో చాలా ఏళ్లు పనిచేసింది.

ఈ కథల్లో కెప్టెన్ల పేర్లు ఉంటాయి. బాయిలర్ల దగ్గర బొగ్గు వేసినవాళ్ల పేర్లు ఉండవు. బ్రిటిష్ వర్తక ఓడల్లో అడుగున పనిచేసినవాళ్లలో మనవాళ్లు చాలామంది. సిల్హెట్, చిట్టగాంగ్, గోవా, కొంకణ్‌ల నుంచి వచ్చినవాళ్లు. లస్కర్లనేవారు. టార్పెడో తగిలేది నీటి మట్టానికి కింద, వాళ్లుండేదీ అక్కడే. ఆ యుద్ధంలో సముద్రంలో పోయిన సుమారు ఆరు వేల మంది భారతీయ వర్తక నావికుల పేర్లతో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ముంబైలో, రెండోది బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో. సమాధులు లేవు కాబట్టి పుస్తకాలు.

లెవీ ధాన్యం

‘నిజాం’ చివరి కష్టం శత్రువు వల్ల రాలేదు. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి మూల కేప్ లీవిన్ దగ్గర పెద్ద అల ఒకటి వచ్చి పక్కనుంచి కొట్టింది. నౌక దాదాపు పూర్తిగా పక్కకు ఒరిగిపోయి మళ్లీ లేచింది. లేచేసరికి పదిమంది లేరు. ఆ ఏడాది సెప్టెంబర్ 2న టోక్యో అఖాతంలో జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకాలు చేసినప్పుడు అక్కడున్న మిత్రదేశాల నౌకల్లో ‘నిజాం’ కూడా ఉంది. తర్వాత బ్రిటన్‌కు తిరిగిచ్చేశారు. 1955లో పాతసామానుకు అమ్మారు.

ఓడ టోక్యోలో ఉన్ననాటికి ఇక్కడ నల్లగొండ జిల్లాలో ఏం జరుగుతోందో మా అమ్మకు తెలుసు. యుద్ధం పేరుతో సంస్థానం ధాన్యం లెవీ పెట్టింది. పండించినవాడు ఇంత అని కొలవాలి. పెద్ద భూస్వాములు తప్పించుకునేవాళ్లు, చిన్న రైతు గాదె ఊడ్చి ఇచ్చేవాడు. తెలంగాణ పోరాటానికి దారితీసిన కారణాల్లో అదొకటి. ‘నిజాం’ను నీళ్లలోకి దించిన రోజు 1940 జులై 4 అన్నాను కదా. సరిగ్గా ఆరేళ్లకు, 1946 జులై 4న, అప్పటి మా జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. తేదీలు కలవడం కాకతాళీయమే. అయినా రెండూ పక్కపక్కన రాసుకున్నాక నాకు ఆ కాగితం మడిచి పెట్టబుద్ధి కాలేదు.

విశాఖ నుంచి తిరిగొచ్చి అమ్మకు అన్నీ చెప్పాం. చిన్నోడు ఫోన్‌లో ఓడ ఫొటో చూపించాడు. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

“దీంట్ల మనోళ్లెవరన్న ఉన్నరా?”

“లేరు నాయనమ్మా. అందరూ ఆస్ట్రేలియావాళ్లే.”

“ఆ అలకు కొట్టుకపోయిన పదిమందీ?”

“వాళ్లూ అంతే.”

“పాపం, ఎవరి పిల్లలో” అంది. కాసేపాగి, “మా నాయన లెవీ కొలిచిన యేడు ఇంట్ల జొన్నలు కూడ లేకుండె. చింతగింజలు ఉడకవెట్టుకొని తిన్నం” అని ఫోన్ వాడి చేతికిచ్చేసింది.

ఆ రాత్రి కరెంటు పోతే చిన్నోడూ నేనూ డాబా ఎక్కాం. ఖమ్మం వైపు నుంచి లారీలు వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి. వాడు లెక్కపెడుతున్నాడు. పదకొండు దాకా వచ్చి ఆపేశాడు.